ఎంసెట్ మ్యాథ్స్ 80 బిట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంపీసీ చదివే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఎంసెట్ మ్యాథ్స్ గురించి నన్ను పదే పదే అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఈ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారింది, ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి. అయినా ఇళ్లల్లో అందరం ఎంసెట్ అనే అంటున్నాం కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. చాలామంది పిల్లలకి ర్యాంకు పోయేది రాని లెక్కల వల్ల కాదు. వచ్చిన లెక్కలే టైం చాలక చూడకుండా వదిలేయడం, చూసినవాటిలో కంగారుపడి తప్పు పెట్టడం, ఈ రెండిటివల్లే. కింద రాసిన జవాబుల్లో ఎక్కువ భాగం దాని గురించే.

పేపర్ ఎలా ఉంటుంది? మ్యాథ్స్‌కి ఎందుకంత ప్రాధాన్యం?

మొత్తం 160 బిట్లు, 160 మార్కులు, 3 గంటలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. కంప్యూటర్ మీద రాయాలి, క్యాలిక్యులేటర్ ఉండదు, నెగెటివ్ మార్కులు లేవు. సగం పేపర్ మ్యాథ్సే. ఇద్దరికి మార్కులు సమానంగా వస్తే ఎవరు ముందో తేల్చడానికి కూడా మ్యాథ్స్ మార్కులే ముందు చూస్తారు. క్వాలిఫై అవ్వడానికి 25 శాతం, అంటే 40 మార్కులు చాలు (ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు), కానీ మంచి కాలేజీలో కోరుకున్న బ్రాంచి రావాలంటే క్వాలిఫై అయితే సరిపోదని మీకూ తెలుసు.

మూడు గంటల్లో మ్యాథ్స్‌కి ఎంత టైం పెట్టుకోవాలి? ఏ సబ్జెక్టుతో మొదలుపెట్టాలి?

180 నిమిషాలని 160తో భాగిస్తే ఒక్కో బిట్‌కి 67 సెకన్ల చిల్లర. ఈ సగటుతో మ్యాథ్స్ కుదరదు. అందుకే కెమిస్ట్రీ తొందరగా ముగించమంటాను. కెమిస్ట్రీలో చాలా బిట్లు తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేదు, కూర్చుని ఆలోచించినా పెద్దగా ఒరిగేది ఉండదు. కెమిస్ట్రీకి 30 నిమిషాలు, ఫిజిక్స్‌కి 50, మ్యాథ్స్‌కి 95, చివర్లో 5 నిమిషాలు మిగుల్చుకుంటే సరిపోతుంది. ఇది నేను చెప్పే లెక్క. మీ ఫిజిక్స్ బలంగా ఉంటే అందులో ఇంకో 5 నిమిషాలు మ్యాథ్స్‌కి మార్చుకోండి.

వరస విషయానికొస్తే, కెమిస్ట్రీతో మొదలుపెడితే అరగంటలో 40 బిట్లు దాటేసిన ధైర్యం వస్తుంది, ఆ తర్వాత బుర్ర ఇంకా ఫ్రెష్‌గా ఉండగానే మ్యాథ్స్, చివర్లో ఫిజిక్స్. కొంతమందికి మ్యాథ్స్ మొదట్లోనే అయిపోవాలి, లేకపోతే మనసంతా దాని మీదే ఉంటుంది. వాళ్లు అలాగే చేసుకోవచ్చు. ఒకటే షరతు, ఏ వరసైనా గ్రాండ్ టెస్టుల్లో (పూర్తి మోడల్ పరీక్షల్లో) నెల ముందు నుంచే అదే పాటించండి, పరీక్ష రోజు పక్కవాడు చెప్పాడని మార్చకండి.

80 బిట్లూ ఒకటో నంబరు నుంచి వరసగా చేసుకుంటూ పోవచ్చా?

వద్దు. మూడు విడతలుగా తిరగండి.

మొదటి విడతలో 1 నుంచి 80 దాకా ప్రతి బిట్‌నీ చూడాలి. చదవగానే దారి కనిపించి, నిమిషంలోపు అయిపోతుందనుకున్నవి మాత్రమే చెయ్యాలి. దారి తెలుసుగానీ పొడుగ్గా ఉంటుందనిపిస్తే రఫ్ పేపర్ మీద ఆ నంబరు రాసి, రివ్యూకి మార్క్ చేసి వదిలెయ్యండి. అసలు అర్థమే కాకపోతే నంబరు కూడా రాయొద్దు, ముందుకెళ్లిపోండి. ఈ విడతకి 50 నిమిషాలకి మించకూడదు. రెండో విడతలో రఫ్ పేపర్ మీద రాసుకున్న నంబర్లు మాత్రమే, అందులోనూ మీకిష్టమైన చాప్టర్‌వి ముందు. దీనికి ఇంకో 35 నిమిషాలు. మూడో విడత చివరి పది నిమిషాలు: మిగిలినవాటిలో ఆప్షన్లు కొట్టేయడం, ఏదో ఒకటి పెట్టడం.

ఇలా ఎందుకంటే, 74వ నంబరు దగ్గర ఒక్క లైన్లో అయిపోయే మాత్రికల బిట్ ఉండొచ్చు, 9వ నంబరు దగ్గర ఐదు నిమిషాలు తినేసే సమాకలనం ఉండొచ్చు, రెండిటికీ మార్కు ఒక్కటే. ఐదు నిమిషాలు పెట్టి సాధించిన లెక్కకి ఎవరూ రెండు మార్కులు ఇవ్వరు. బాగా చదివే పిల్లలకి ఇది చెప్పడం నిజంగా కష్టం, ఎందుకంటే వాళ్లకి లెక్క మధ్యలో వదలడం అవమానంలా ఉంటుంది, "సార్, ఇంకో రెండు స్టెప్పులే ఉన్నాయి" అంటారు. ఆ రెండు స్టెప్పుల కోసం పోయిన టైంలో చివరి పది బిట్లు చూడకుండానే వదిలేసి వస్తారు.

లెక్క వదిలేయాలని ఎప్పుడు తెలుస్తుంది?

మొదటి 20 సెకన్లలో ఏ ఫార్ములాతో మొదలుపెట్టాలో తట్టకపోతే వదలండి. మొదలుపెట్టాక ఒకటిన్నర నిమిషం దాటినా ఆన్సర్ దగ్గరికి రాకపోతే వదలండి. చేసిన లెక్కకి వచ్చిన ఆన్సర్ ఆప్షన్లలో లేకపోతే ఒక్కసారి, ఒకే ఒక్కసారి ప్రశ్న మళ్లీ చదివి గుర్తులు చూసుకోండి, అప్పటికీ దొరక్కపోతే అదీ వదలండి. అదే తప్పు అదే కళ్లతో వెంటనే వెతికితే దొరకదు, గంట తర్వాత తిరిగొస్తే మాత్రం చాలాసార్లు చూడగానే దొరుకుతుంది.

నెగెటివ్ మార్కులు లేవు కదా, తెలియనివన్నీ గుడ్డిగా పెట్టేయచ్చా? అన్నిటికీ ఒకే ఆప్షన్ పెడితే మంచిదా?

ఎంసెట్‌లో ఒక్క బిట్ కూడా ఖాళీగా వదలకూడదు. ఇందులో రెండో మాట లేదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి గుడ్డిగా పెడితే నాలుగోవంతు అవకాశం, అంటే 20 బిట్లకి సగటున 5 మార్కులు. అన్నిటికీ ఒకే ఆప్షన్ పెట్టినా, రకరకాలుగా పెట్టినా ఆ సగటు మారదు, కాబట్టి దాని గురించి టైం వృథా చేసుకోవద్దు.

సగటు మారేది ఒక్కో బిట్‌లో రెండు ఆప్షన్లు కొట్టేయగలిగినప్పుడు. అప్పుడు అదే 20 బిట్లకి సగటున 10 వస్తాయి. కొట్టేయడానికి లెక్క మొత్తం రానక్కర్లేదు. ఉదాహరణకి పరావలయం మీద ఒక బిందువు ఇచ్చి అక్కడ అభిలంబ రేఖ సమీకరణం అడిగారనుకోండి, ఆ బిందువు నిరూపకాలు ఆప్షన్లలో పెట్టి చూడండి, ఆ బిందువు గుండా వెళ్లని రేఖలన్నీ వెంటనే పోతాయి. వైశాల్యం రుణాత్మకం కాదు. సంభావ్యత 1 దాటదు. వై స్క్వేర్ = 4ఎక్స్, ఎక్స్ స్క్వేర్ = 4వై అనే రెండు పరావలయాల మధ్య వైశాల్యం అడిగి ఆప్షన్లలో 64/3 ఇచ్చారనుకోండి, ఆ ప్రాంతం మొత్తం 4 యూనిట్ల భుజం ఉన్న చతురస్రంలోనే ఇమిడిపోతుంది, దాని వైశాల్యమే 16, మరి 64/3 అంటే 21 దాటిపోయింది. బొమ్మ గీస్తే సగం చతురస్రం కూడా నిండట్లేదని తెలుస్తుంది, 32/3 కూడా పోతుంది. అసలు జవాబు 16/3.

జేఈఈ మెయిన్‌కి మాత్రం ఈ సలహా ఇలాగే వర్తించదు. అక్కడ నాలుగు ఆప్షన్ల ప్రశ్నలో సరైనదానికి 4 మార్కులు, తప్పుకి 1 మార్కు కోత. కనీసం ఒకటి రెండు ఆప్షన్లు కొట్టేశాకే పెట్టండి.

షార్ట్‌కట్‌లు నేర్చుకోవాలా? ఆప్షన్లలోంచి ఆన్సర్ రాబట్టడం నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ ఏ లెక్కకి ఏ పద్ధతి అనేది ముందే అలవాటైతేనే. ఇంటర్ పబ్లిక్ పరీక్షలో స్టెప్పులకి మార్కులుంటాయి, ఎంసెట్‌లో ఆన్సర్ ఒక్కటే కావాలి. ఈ తేడాని వాడుకోవడంలో తప్పేమీ లేదు.

అన్నిటికంటే పనికొచ్చేది విలువలు పెట్టి చూడటం. కాస్ స్క్వేర్ తీటా, కాస్ స్క్వేర్ (తీటా + 120°), కాస్ స్క్వేర్ (తీటా − 120°), ఈ మూడూ కూడితే ఎంత అని అడిగారనుకోండి. ఆన్సర్లన్నీ సంఖ్యలే అయితే తీటా ఏదైనా ఒకటే రావాలని అర్థం. తీటా సున్నా పెట్టండి: 1, పావు, పావు. మొత్తం 3/2. పది సెకన్ల పని.

త్రిభుజ ధర్మాల చాప్టర్‌లో చాలామంది సమబాహు త్రిభుజం పెట్టి చూస్తారు. అది మంచిదేగానీ, అక్కడ అన్నీ సమానం కాబట్టి రెండు మూడు ఆప్షన్లు ఒకే విలువ ఇచ్చేస్తాయి. నేను 3, 4, 5 లంబకోణ త్రిభుజం వాడమంటాను. దాని విలువలు బట్టీ పట్టండి, పోయేదేమీ లేదు: వైశాల్యం 6, అర్ధ చుట్టుకొలత 6, అంతర వృత్త వ్యాసార్ధం 1, పరివృత్త వ్యాసార్ధం 2.5, బాహ్య వృత్తాల వ్యాసార్ధాలు 2, 3, 6. ఇప్పుడు ఒక బిట్: ప్రతి భుజాన్నీ దాని ఎదురు కోణం కొసైన్‌తో గుణించి, మూడూ కూడి, చుట్టుకొలతతో భాగిస్తే ఏమొస్తుంది? భుజాలు 3, 4, 5కి ఎదురు కోణాల కొసైన్లు 4/5, 3/5, 0. అంటే 12/5 + 12/5 + 0, మొత్తం 24/5. చుట్టుకొలత 12తో భాగిస్తే 2/5. అంతర వృత్త వ్యాసార్ధాన్ని పరివృత్త వ్యాసార్ధంతో భాగిస్తే 1/2.5, అదీ 2/5. ఆన్సర్ అదే. సమబాహు త్రిభుజంలో ఇదే బిట్‌కి 1/2 వస్తుంది, ఆప్షన్లలో 1/2 విలువ వచ్చేవి ఇంకేవైనా ఉంటే ఇరుక్కుపోతారు.

ద్విపద గుణకాల మొత్తాలకి ఎన్ = 1 ఒక్కటే పెట్టి ఆగకండి. సి0 + 2సి1 + 3సి2 అంటూ చివరి దాకా వెళ్లే మొత్తం తీసుకోండి. ఎన్ = 1కి 3 వస్తుంది. ఆప్షన్లలో (ఎన్ + 2) ఇంటూ 2 పవర్ (ఎన్ − 1) కీ 3 వస్తుంది, (2 పవర్ ఎన్) + 1కీ 3 వస్తుంది. ఎన్ = 2 పెడితే అసలు మొత్తం 8, మొదటి ఆప్షన్ 8, రెండోది 5. తేలిపోయింది. నిర్ధారకాల్లో ఎ, బి, సి లకి విలువలు పెట్టేటప్పుడు కూడా మూడూ సమానంగా పెట్టొద్దు, అన్నీ సున్నా అయిపోయి ఏమీ తేలదు. 0, 1, 2 పెట్టండి.

అనిశ్చిత సమాకలనాల్లో లెక్క కష్టంగా ఉంటే ఆప్షన్లని అవకలనం చేసి చూడొచ్చు, కానీ నాలుగూ చెయ్యడం మొదలుపెడితే అసలు లెక్క చేసుకోవడమే నయం, కాబట్టి రెండు కొట్టేశాకే. నిశ్చిత సమాకలనాల్లో ఒక్క ధర్మం ఎన్నో మార్కులు తెస్తుంది: ఎక్స్ స్థానంలో (కింది అవధి + పై అవధి − ఎక్స్) రాయడం. 2 నుంచి 5 వరకు, లవంలో రూట్ ఎక్స్, హారంలో రూట్ ఎక్స్ + రూట్ (7 − ఎక్స్) ఉందనుకోండి. 2, 5 కలిపితే 7. అది చూడగానే పెన్ను కదపక్కర్లేదు, అవధుల తేడాలో సగం, 3/2.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. కాన్సెప్ట్ రాకుండా షార్ట్‌కట్‌లు మాత్రమే నేర్పిస్తామనే వీడియోల వెనక పడకండి. ఎక్కడ పనిచేయదో తెలియని షార్ట్‌కట్ మార్కులు తీసేస్తుంది. 3-4-5 త్రిభుజం ఎందుకు పనిచేస్తుందో తెలిసిన పిల్లవాడికే, ప్రశ్నలో "అల్పకోణ త్రిభుజం" అని ఉంటే దాన్ని వాడకూడదని తడుతుంది.

ఏ చాప్టర్లు ముందు చదవాలి?

ఇంటర్ రెండేళ్ల సిలబస్ అంతా వస్తుంది, దాదాపు ప్రతి చాప్టర్ నుంచీ ఏదో ఒకటి తగులుతుంది. అందుకని "ఇది వదిలేస్తే ఏమవుతుంది" అని అడిగేవాళ్లకి నా జవాబు, చిన్న చాప్టర్లని అసలు వదలొద్దు. గణితానుగమనం, అక్షాల మార్పిడి, పాక్షిక భిన్నాలు, విస్తరణ కొలతలు, దిక్ కొసైన్లు, అతిపరావలయ ప్రమేయాలు. ఒక్కోటి ఒకట్రెండు రోజుల్లో పూర్తవుతుంది, వచ్చే బిట్ సాధారణంగా నేరుగా ఉంటుంది.

పెద్దవాటిలో మాత్రికలు, సదిశలు, సంకీర్ణ సంఖ్యలు, వృత్తాలు, సరళరేఖలు, అవకలనం ముందు పట్టుకోండి. వృత్తం బాగా వస్తే వృత్త సరణులు, పరావలయం, దీర్ఘవృత్తం సులువవుతాయి, స్పర్శరేఖ ఆలోచన అన్నిటిలో ఒకటే. ప్రస్తారాలు–సంయోగాలు, సంభావ్యత మీద చాలామందికి భయం. అవి రోజుకి ఐదారు బిట్ల చొప్పున రెండు నెలలపాటు చెయ్యాల్సినవి, చివరి వారంలో కూర్చుంటే రావు. సిలబస్‌లో చిన్న మార్పులు జరుగుతుంటాయి, మీరు రాసే సంవత్సరం అధికారిక వెబ్‌సైట్‌లో పెట్టిన సిలబస్ ఒకసారి చూసుకోండి.

ఫార్ములాలు చదువుతున్నా, గుర్తుండట్లేదు. ఏం చెయ్యాలి?

చదవడం ఆపి రాయండి. పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద ఒక చాప్టర్ ఫార్ములాలన్నీ రాయండి, తర్వాత పుస్తకం తెరిచి రానివి ఎర్ర ఇంకుతో చేర్చండి. మర్నాడు ఎర్రవి మాత్రమే. వేరేవాళ్లు ప్రింట్ చేసిన ఫార్ములా బుక్ కంటే మీ చేత్తో రాసుకున్న నాలుగు పేజీలు ఎక్కువ పనికొస్తాయి. ఇంకోటి, త్రికోణమితిలో సగం ఫార్ములాలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, సైన్ (ఎ + బి), కాస్ (ఎ + బి) గట్టిగా వస్తే మిగతావి రాబట్టుకోవచ్చు. పరీక్షలో మర్చిపోయినా 0°, 90° లాంటి విలువలు పెట్టి గుర్తు ప్లస్సో మైనస్సో తేల్చుకోవచ్చు.

సిల్లీ మిస్టేక్స్ తగ్గట్లేదు సార్.

నాకు ఆ "సిల్లీ" అనే మాటే నచ్చదు. అలా పేరు పెట్టగానే పిల్లలు దాన్ని పట్టించుకోవడం మానేస్తారు, "నాకు వచ్చు, ఊరికే తప్పు పోయింది" అనుకుంటారు. ర్యాంకు లిస్టులో ఊరికే పోయిన మార్కుకీ రాక పోయిన మార్కుకీ తేడా ఉండదు.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి టెస్ట్ తర్వాత తప్పు పోయిన ప్రతి బిట్‌కీ ఒక లైన్: ఏ చాప్టర్, ఎక్కడ తప్పింది. మైనస్ గుర్తు జారిందా, ప్రశ్నలో "కానిది" అన్న మాట చూడలేదా, వ్యాసార్ధం అడిగితే వ్యాసం పెట్టారా, డిగ్రీలకి రేడియన్లకి తికమకపడ్డారా, లెక్క సరిగ్గా చేసి పక్క ఆప్షన్ నొక్కారా. నాలుగైదు టెస్టులయ్యాక చూడండి, మీ తప్పులు రెండు మూడు రకాలే ఉంటాయి, అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అప్పుడు వాటికే కాపలా పెట్టొచ్చు.

అందరూ పడే గుంట ఒకటి చెప్తాను. రూట్ (ఎక్స్ + 6) = ఎక్స్ అని సమీకరణం ఇస్తారు. రెండువైపులా వర్గం చేస్తే ఎక్స్‌కి 3, −2 వస్తాయి. ఆప్షన్లలో "3, −2" కూడా ఉంటుంది, కావాలనే పెడతారు. −2 పెడితే ఎడమవైపు రూట్ 4 అంటే 2, కుడివైపు −2. కుదరదు. ఆన్సర్ 3 ఒక్కటే. వర్గం చేసినప్పుడల్లా, లాగరిథమ్ తీసేసినప్పుడల్లా వచ్చిన విలువల్ని మొదటి సమీకరణంలో పెట్టి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

క్యాలిక్యులేషన్ స్లో. క్యాలిక్యులేటర్ లేకుండా ఎలా?

రోజూ పదిహేను నిమిషాలు, ఫోన్ పక్కన పెట్టి చేత్తో. 30 దాకా వర్గాలు, 12 దాకా ఘనాలు, 2 ఘాతాలు 1024 వరకు, రూట్ 2, రూట్ 3 విలువలు, 5-12-13, 8-15-17, 7-24-25 లాంటి లంబకోణ త్రిభుజ త్రికాలు నోటికి రావాలి. భిన్నాలు దశాంశాలుగా మార్చొద్దు, చివరి దాకా భిన్నాలుగానే ఉంచండి. కెమిస్ట్రీ, ఫిజిక్స్ లెక్కలు కూడా ఇంట్లో క్యాలిక్యులేటర్‌తో చేసేవాళ్లకి పరీక్షలో మూడు సబ్జెక్టుల్లోనూ దెబ్బే.

ఎన్ని గ్రాండ్ టెస్టులు రాయాలి? రాస్తూనే ఉన్నాను, మార్కులు మాత్రం అక్కడే ఉన్నాయి.

మార్చిలో ఐపీఈ (ఇంటర్ పబ్లిక్) పరీక్షలు అయిపోయాక ఎంసెట్‌కి ఉండే టైంలో వారానికి రెండు మూడు చాలు. రోజుకొకటి రాయించే చోట చదువుతుంటే మీకు ఎంపిక ఉండదు, అది తెలుసు. కానీ మార్కులు కదలకపోవడానికి మామూలుగా ఉండే కారణం ఒకటే, టెస్ట్ రాశాక దాన్ని మళ్లీ చూడకపోవడం. మూడు గంటల టెస్ట్‌కి మూడు గంటల పోస్ట్‌మార్టం కావాలి. తప్పు పోయినవే కాదు, కరెక్ట్ అయినా రెండు నిమిషాలు పట్టినవి కూడా చూడాలి, ఇంకా తక్కువలో అయ్యే దారి ఉందేమో ఫ్రెండ్‌నో లెక్చరర్‌నో అడగాలి. గుడ్డిగా పెట్టి కరెక్ట్ అయినవి తప్పుల లెక్కలోనే వేసుకోండి.

పాత పేపర్లు మెటీరియల్ కంటే మేలు. పరీక్ష అయ్యాక ప్రశ్నపత్రాలు, ప్రాథమిక కీ విడుదల చేస్తారు. ఏటా చాలా షిఫ్టులు జరుగుతాయి కాబట్టి రెండు రాష్ట్రాలవీ కలిపితే ప్రాక్టీసుకి కావలసినన్ని పేపర్లు దొరుకుతాయి. ఆంధ్ర పిల్లలు తెలంగాణ పేపర్లు, తెలంగాణ పిల్లలు ఆంధ్ర పేపర్లు చెయ్యడం చాలా మంచిది.

ఇంట్లో కంప్యూటర్ లేదు. స్క్రీన్ మీద రాయడం కష్టమవుతుందా?

అలవాటు లేకపోతే మొదటి పావుగంట ఇబ్బందే, అందుకే ముందే అలవాటు చేసుకోవాలి. అధికారిక వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ ఉంటుంది, నెట్ సెంటర్‌లోనో కాలేజీ ల్యాబ్‌లోనో రెండుసార్లు రాయండి. ఆప్షన్ నొక్కగానే సేవ్ అయిపోదు, "సేవ్ అండ్ నెక్స్ట్" నొక్కాలి. ఆప్షన్ పెట్టి, పక్కనున్న నంబర్ల పట్టీలో వేరే నంబరు మీదికి దూకేస్తే ఆ ఆన్సర్ పోతుంది. ఇది చదివి తెలుసుకోవడం కంటే మాక్‌లో ఒకసారి చేసి చూస్తే బాగా గుర్తుంటుంది.

స్క్రీన్ మీద ఉన్న లెక్కని రఫ్ పేపర్ మీదికి దించేటప్పుడే చాలా తప్పులు జరుగుతాయి, 3 బదులు 8, ప్లస్ బదులు మైనస్. దించాక ఒక్కసారి తలెత్తి పోల్చుకోండి, రెండు సెకన్ల పని. రఫ్ పేపర్‌ని కూడా గజిబిజిగా నింపకుండా నంబరు వేసి గడులుగా వాడితే, రెండో విడతలో తిరిగొచ్చినప్పుడు సగం చేసిన లెక్క అక్కడే ఉంటుంది.

తెలుగు మీడియం పిల్లలకి ఇబ్బంది ఉంటుందా?

అప్లికేషన్‌లో తెలుగు ఎంచుకుంటే ప్రశ్న తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కనిపిస్తుంది. లెక్కకి భాషతో పని తక్కువే, కానీ తెలుగు వాక్యం ఎక్కడైనా తికమకగా అనిపిస్తే వెంటనే ఇంగ్లీషు వాక్యం చూడండి. అందుకోసం ప్రతి చాప్టర్‌లో పదేసి పదాలు రెండు భాషల్లోనూ నేర్చుకోండి: అభిలంబ రేఖ అంటే నార్మల్, బిందుపథం అంటే లోకస్, ఉత్కేంద్రత అంటే ఎక్సెంట్రిసిటీ. ఎలాగూ బీటెక్ మొదటి సంవత్సరంలో ఇవే పదాలతో క్లాసులు వినాలి.

ఐపీఈ మీద దృష్టి పెట్టాలా, ఎంసెట్ మీదా?

ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ ర్యాంకుకి ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కుల వెయిటేజీ 25 శాతం ఉంది. తెలంగాణలో ఆ వెయిటేజీని 2023లో పూర్తిగా ఎత్తేశారు. కాబట్టి ఆంధ్ర పిల్లలకి ఐపీఈ మార్కులు నేరుగా ర్యాంకులోకి వస్తాయి. తెలంగాణ పిల్లలు కూడా ఐపీఈని తేలిగ్గా తీసుకోవద్దు, అక్కడ పెద్ద ప్రశ్నల కోసం పూర్తి స్టెప్పులతో చేసిన లెక్కలే ఎంసెట్ బిట్లకి పునాది. జనవరి నుంచి మార్చి దాకా ఐపీఈ పద్ధతిలోనే చదువుతూ రోజూ ఒక గంట బిట్లు చేస్తే సరిపోతుంది.

హాల్లో కూర్చోగానే బ్లాంక్ అయిపోతుంది, చేతులు చల్లబడతాయి. ఎలా?

మొదటి బిట్ రాకపోతే రెండోది, అదీ రాకపోతే మూడోది, మీకు ప్రాణంలా వచ్చిన చాప్టర్ బిట్ దొరికేదాకా పట్టీలో ముందుకెళ్లండి. రెండు లెక్కలు కరెక్ట్‌గా పడ్డాయంటే టెన్షన్ దానంతటదే దిగుతుంది. మధ్యలో మళ్లీ వస్తే అర నిమిషం కళ్లు మూసుకుని ఊపిరి నెమ్మదిగా వదలండి, 180 నిమిషాల్లో అర నిమిషం పెద్ద నష్టం కాదు. రోజూ ఇలాగే జరుగుతుంటే, నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే, అది చదువు సమస్య అనుకుని దాచుకోకండి, ఇంట్లో చెప్పండి, డాక్టర్‌ని కలవండి.

నా షిఫ్ట్‌కి పేపర్ కష్టంగా వస్తే నష్టపోతానా?

వేర్వేరు షిఫ్టులకి వేర్వేరు పేపర్లు కాబట్టి మార్కుల్ని నార్మలైజ్ చేస్తారు. ఆ షిఫ్ట్‌లో అందరికీ ఎలా వచ్చాయో, పైన ఉన్నవాళ్లకి ఎంత వచ్చాయో లెక్కలోకి తీసుకుని సరిచేస్తారు. మీకు కష్టంగా ఉంటే పక్కవాళ్లకీ కష్టంగానే ఉంటుంది. అలాంటి పేపర్‌లో సులువైన బిట్లని వెతికి పట్టుకునేవాళ్లు లాభపడతారు, మొదటి విడత అక్కడ ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

మేము తల్లిదండ్రులం. మా అమ్మాయికి మేమేం చెయ్యగలం?

ప్రతి టెస్ట్ మార్కులూ అడగడం మానండి, పక్కింటి పిల్లల మార్కులతో పోల్చడం అసలే వద్దు. గ్రాండ్ టెస్ట్‌లో 95 వచ్చిన అమ్మాయిని "మిగతా 65 ఏవమ్మా" అని అడిగితే తర్వాతి టెస్ట్‌లో తెలిసినవి కూడా వణుక్కుంటూ చేస్తుంది. రాత్రి పదకొండయ్యేసరికి పడుకోమనండి. ఎంసెట్ ఒక్కటే దారి కాదని మీకు నిజంగా అనిపిస్తే ఆ మాట ముందే చెప్పండి, రిజల్ట్ వచ్చాక ఓదార్పుగా చెప్తే పిల్లలు నమ్మరు.

ముందు రోజు, పరీక్ష రోజు ఏం చెయ్యాలి?

ముందు రోజు కొత్త లెక్కలు ముట్టుకోవద్దు. మీరు రాసుకున్న ఫార్ములా పేజీలు, తప్పుల నోట్‌బుక్, అంతే. సెంటర్ మీ ఊళ్లో కాకపోతే వీలైతే ముందు రోజే వెళ్లి చూసి రండి, హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ట్రాఫిక్‌ని నమ్మలేం. గేటు ఎప్పుడు మూస్తారో హాల్ టికెట్ మీద ఉంటుంది, ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. ఎండలు మండే మే నెల, ఉదయం షిఫ్ట్ అయితే 9 గంటలకే మొదలు, ఇడ్లీయో పెరుగన్నమో తేలిగ్గా తిని వెళ్లండి, ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. హాల్ టికెట్‌తో పాటు ఏమేం తీసుకెళ్లాలో అందులో రాసి ఉంటుంది, రాత్రే ఒక కవర్‌లో సర్ది పెట్టుకోండి.

పరీక్ష అయ్యాక కీ చూసుకోవాలా?

ప్రాథమిక కీతో పాటు మీ రెస్పాన్స్ షీట్ కూడా వెబ్‌సైట్‌లో పెడతారు, రెండూ డౌన్‌లోడ్ చేసుకుని పోల్చుకోండి. కీ తప్పని మీకు గట్టిగా అనిపిస్తే, ఇంటర్ పాఠ్యపుస్తకంలోని పేజీతో సహా, ఇచ్చిన గడువులోపు అభ్యంతరం పెట్టండి. నిజంగా తప్పు ఉంటే ఫైనల్ కీలో సరిచేస్తారు. జేఈఈ అడ్వాన్స్‌డ్ లాంటివి ఇంకా మిగిలి ఉన్నవాళ్లు మాత్రం ఈ పని ఇంట్లో ఎవరికైనా అప్పగించి చదువులో కూర్చోండి, అభ్యంతరాల గడువు తక్కువే ఉంటుంది కాబట్టి తేదీ వాళ్లకి ముందే చెప్పి పెట్టండి.